రెండు దారుల పీఠం

“పోనీలే అల్లుడా, ఈ దెబ్బతో మోకాళ్ళ నొప్పులు వదిలిపోయినాయి” అంది పూసల ఓబుళమ్మ, తన కాళ్ళకేసి వంగి చూసుకుంటూ.

నొప్పులే కాదు, మోకాళ్ళే పోయాయి. పాదాల నుంచి మోకాటి చిప్పల దాకా ఆమె నల్లరాయిగా మారి, నిలుచున్న పలకకు అతుక్కుపోయింది. చీర కుచ్చిళ్ళు, కాలి కడియాలు, మడమల పగుళ్ళు కూడా ఎక్కడివక్కడ పొల్లుపోకుండా రాయి అయ్యాయి. ఏ శిల్పి చూసినా ఉలి పక్కన పెట్టేసి దణ్ణం పెట్టేవాడు.

శరభాంకుడు తల ఎత్తలేదు. ఎత్తితే ఆ కాళ్ళు కనబడతాయి. వాటిని రాయి చేసింది తన తొందరే.

శీతలాపురి రాజుగారి ఒక్కగానొక్క కొడుకు శరభాంకుడు. ఇప్పుడు మాత్రం అతని తలకు మాసిన గుడ్డ, భుజాన పూసల సంచి, చెవులకు ఇత్తడి పోగులు. పేరు బుడ్డన్న. ఓబుళమ్మకు మేనల్లుడు. ఈ వేషం ఎందుకంటే, ఉలూకదత్తుడనే మాంత్రికుడు శీతలాపురి నది చిత్రవేణిని ఈ కొస నుంచి ఆ కొసకు చాపలా చుట్టి, చంకన పెట్టుకుపోయి, తన పాషాణదుర్గంలో నేల కింద దాచేశాడు. నది ఎలా చుట్టుకుంటుందని అడిగేవాళ్ళు చిత్రవేణిని చూడనివాళ్ళు. అది అంత మెత్తని నది. అది పోయిన నాటి నుంచి శీతలాపురిలో బావులు నాలుకలు బయటపెట్టాయి, ఏనుగులు మావటివాళ్ళ కళ్ళలోకి చూడడం మానేశాయి.

ఆ నేల మీద పరిచి ఉన్నదే నవరత్నపీఠం. దాన్ని ఆడి నింపితే నది విడుదల. ఆడే హక్కు అనాదిగా పూసలవాళ్ళది. అందుకే యువరాజు ఓ ఎండాకాలమంతా ఓబుళమ్మ గుడిసెలో కూర్చుని ఆ విద్య నేర్చుకున్నాడు. నేర్పేటప్పుడు ఆమె ఊరికే తిట్టలేదు. వెదురుబద్ద కూడా వాడింది.

పీఠమున్న మండపం చూడవలసిందే గాని చెప్పేది కాదు. ఏనుగు దంతపు దూలాలు, నెమలికంఠపు రంగు గోడలు, కప్పు మధ్యన గాజుకన్ను. ఆ కన్నులోంచి పగటి ఎండ బంగారు తీగలా దిగి నేల మీద పాకుతోంది. నేలంతా చలువరాయి. అందులో అడ్డంగా తొమ్మిది వరుసలు, నిలువుగా తొమ్మిది వరుసలుగా గుంటలు. మూడేసి వరుసలకు ఒక వెండిగీత గీస్తే ఏర్పడ్డ గదులు మళ్ళీ తొమ్మిది. కెంపు, ముత్యం, పగడం, పచ్చ, పుష్యరాగం, వజ్రం, నీలం, గోమేధికం, వైడూర్యం. ప్రతి అడ్డవరుసలోనూ ప్రతి నిలువువరుసలోనూ ప్రతి గదిలోనూ ఈ తొమ్మిదీ ఉండాలి, ఏదీ రెండోసారి రాకూడదు. మాంత్రికుడు కొన్ని గుంటల్లో రత్నాలు ముందే పొదిగాడు. మిగతావి ఆడేవాడు పెట్టుకోవాలి. చెప్పుకుంటే ఇంతే. ఈ ఇంతకే లోగడ వచ్చిన పూసలవాళ్ళు పలకల మీద రాతిబొమ్మలై మండపం చుట్టూ నిలబడి ఉన్నారు.

ఎందుకంటే పీఠానికి ఇద్దరు కావాలి. ఒకరు రత్నం పెట్టాలి, ఒకరు పూచీపలక మీద నిలబడాలి. పెట్టిన రత్నం తప్పయితే పూచీ నిలబడినవాళ్ళు రాయి అవుతారు, తప్పుతప్పుకీ ఇంత మేర.

“నేను నిలబడతా” అన్నాడు శరభాంకుడు మొదట.

“నీ చేతులు చురుకు, నా చేతులు వణుకు. నువ్వాడు. నా కాళ్ళు ఎట్లాగూ పనికిరానివే” అని ఆమె పలకెక్కేసింది.

ఆట మొదలు పెట్టేముందు ఇరుపక్షాలవాళ్ళూ పలక తాకి ప్రమాణం చేశారు. అది పూసలవాళ్ళ ఆచారం. “గుంటలో ఉండగల రత్నాలన్నిటికీ గుర్తుగా గాజుపూసలు వేస్తాము. కారణం బయటికి చెప్పనిదే పూస తీయము. కారణం ఉన్న గుంటకు ఆడేవాడి తరఫు పూచీ. కారణం దొరకని గుంటకు పీఠం వేసినవాడే పూచీ.” చివరి మాట దగ్గర శరభాంకుడికి నవ్వొచ్చింది. కారణం దొరకని గుంట ఎలా ఉంటుంది? ఉలూకదత్తుడికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎందుకో అప్పుడు ఎవరూ అడగలేదు.

ఈ ఉలూకదత్తుడు కప్పు దూలం మీద గుడ్లగూబలా గొంతుకూర్చుని ఉంటాడు. కిందికి వేలాడే అతని గడ్డం ఎంత పొడుగంటే, స్నానం చేశాక మొన ఆరేసరికి మొదలు మళ్ళీ మురికి పట్టేది. గడ్డం కొస పీఠం అంచున నేల ఊడుస్తూ ఉంటుంది.

కింద నది మూలుగుతోంది. చంటిబిడ్డ గుమ్మం అవతల ఏడుస్తున్నట్టుంది ఆ చప్పుడు. ఆ మూలుగు వినలేకే పొద్దున శరభాంకుడు ఒక గుంటలో రెండు పూసలుండగానే “ఇక్కడ కెంపే” అనేశాడు. “కారణమో?” అంది ఓబుళమ్మ. “ఉంది, తర్వాత చెబుతా” అన్నాడు. లేదు. చేతికి వచ్చింది పెట్టేశాడు. గుంట కెంపును ఉమ్మేసింది. ఆమె మోకాళ్ళు పోయాయి.

“ఇంక చూసింది చాలు. పగడం సంగతి చెప్పు” అంది ఓబుళమ్మ ఇప్పుడు. “ఊరికే నేలకేసి చూస్తే నేల సిగ్గుపడుతుంది.”

శరభాంకుడు కళ్ళు తుడుచుకుని పగడపు ఎర్రపూసలు వెతికాడు. “రెండో అడ్డవరుసలో పగడానికి రెండే చోట్లు అత్తా. మూడో నిలువులో ఒకటి, ఏడో నిలువులో ఒకటి.”

“ఊఁ.”

“ఆరో అడ్డవరుసలోనూ రెండే చోట్లు. అవీ మూడో నిలువు, ఏడో నిలువే.”

“అయితే ఏంది? పెండ్లి చేస్తావా?”

“పందిరి వేస్తా. నాలుగు గుంటలూ నాలుగు గుంజలు. రెండో వరుస పగడం మూడో నిలువులో ఉంటే, ఆరో వరుస పగడం ఏడో నిలువుకు పోవాలి. అది ఏడులో ఉంటే ఇది మూడుకు రావాలి. ఏ మూల నుంచి ఆ మూలకు కట్టినా, మూడో నిలువు పగడమూ ఏడో నిలువు పగడమూ ఈ గుంజల్లోనే అయిపోయాయి. ఆ రెండు నిలువుల్లో ఇంకెక్కడ ఎర్రపూస ఉన్నా తీసేయొచ్చు.”

“ఏ గుంజకు పగడమో తెలీకుండానే?”

“తెలియనక్కర్లేదు.”

“అద్దీ!” అని ఆమె చిటిక వేసింది. “ఇది పొద్దున్నే ఎందుకు తోచలేదురా?”

అడిగినామె వేళాకోళంగానే అడిగింది. విన్నవాడు వేళాకోళంగా వినలేదు. పొద్దున కూడా ఆ నాలుగు గుంజలూ అక్కడే ఉన్నాయి. రెండు క్షణాలు ఓపిక పట్టి ఉంటే ఆమె ఇవాళ కూడా మోకాళ్ళ నొప్పులని సణుగుతూ నడిచి ఉండేది.

ఎర్రపూసలు తీయగానే ఏడో నిలువు అట్టడుగు గుంటలో ఒక్క నీలిపూస మిగిలింది. నీలం పెట్టాడు. నేల వీణతీగలా మ్రోగింది. దాంతో ఒకటి, దానివల్ల ఇంకొకటి, గుంటలు చకచకా నిండాయి. దూలం మీద ఉలూకదత్తుడు చిటపటలాడాడు.

“ఓరీ పూసలవాడా! రత్నాలు పెట్టుచున్నావా, పిడకలు కొట్టుచున్నావా? ఏమా వేగము!”

“తమరి గడ్డం అడ్డం తీస్తే ఇంకా వేగంగా పెడతాం దొరా” అంది ఓబుళమ్మ.

మాంత్రికుడు పళ్ళు నూరి, గోడ మీది నెమలికంఠపు రంగును ఒక్క ఊదు ఊదాడు. రంగంతా తేళ్ళై రాలింది. నీలితేళ్ళు, కొండిలెత్తుకుని బారులు బారులుగా పీఠం మీదికి వచ్చాయి. శరభాంకుడు సంచిలోంచి పూసలదండ తీసి, తెంపి, మండపం ఆ చివరకు విసిరాడు. పూసలు దొర్లే చప్పుడుకు తేళ్ళన్నీ అటు మళ్ళి, ఒక్కొక్కటీ ఒక్కో పూసను కాటేసి, విషం అయిపోయి, మళ్ళీ రంగుగా మారి నేలలో ఇంకిపోయాయి. ఈ సందట్లో కూడా ఓబుళమ్మ కళ్ళు పీఠం మీదే ఉన్నాయి.

“కావిడి కనబడుతోంది నాకు. నీకు కనబడిందా?”

అతను వెతికాడు. నడిమి గదిలో ఒక గుంట. అందులో పచ్చపూస, నీలిపూస. అదే వరుసలో కుడికి ఒక గుంట. అందులో పచ్చపూస, ముత్యపు తెల్లపూస. అదే నడిమి గదిలో కిందగా ఇంకో గుంట. అందులో నీలిపూస, తెల్లపూస.

“నడిమిది భుజం. ఇటొక గంప, అటొక గంప” అన్నాడు నెమ్మదిగా. “భుజం మీద పచ్చ ఉంటే కుడిగంపకు పచ్చ దక్కదు, అందులో ముత్యమే. భుజం మీద నీలం ఉంటే కిందిగంపకు నీలం దక్కదు, అందులో ముత్యమే. ఏదో ఒక గంపలో ముత్యం ఉండి తీరుతుంది. రెండు గంపలకూ ఎదురుపడే గుంట ఒకటుంది, కుడిగంప నిలువువరుసా కిందిగంప అడ్డవరుసా కలిసేచోట. అందులో ముత్యం ఉండదు. తెల్లపూస తీస్తున్నా.”

“తీయి నాయనా. చల్లగా చెప్పినావు” అంది ఆమె. ఆమె ‘నాయనా’ అనడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ‘బడుద్ధాయీ’ దగ్గరే ఆగింది.

మధ్యాహ్నం తిరిగింది. ఇక కొన్ని గుంటలే. అక్కడ ఆట బిగుసుకుపోయింది. పందిళ్ళు లేవు, కావిళ్ళు లేవు. కింద నది మూలుగు సన్నబడింది. ఊపిరి ఆగిపోయే బిడ్డలాగా ఉండుండి ఒక ఎక్కిలి. శరభాంకుడి చెవుల్లో ఆ ఎక్కిలే గంటలా మోగుతోంది.

అప్పుడు కనబడింది అతనికి. నాలుగో అడ్డవరుసలో ఈ చివరి గుంట, ఆ చివరి గుంట. ఐదో అడ్డవరుసలోనూ ఈ చివర, ఆ చివర. మూడు గుంటల్లో గోమేధికపు తేనెరంగు పూస, వైడూర్యపు చారలపూస, ఆ రెండే ఉన్నాయి. నాలుగో గుంటలో ఆ రెండింటితో పాటు పుష్యరాగపు పసుపుపూస.

“నమ్మకం పట్టు!” అని కేక పెట్టాడు. “అత్తా, నువ్వు నేర్పిన ఎత్తే! నాలుగో గుంటలో పుష్యరాగం లేదనుకో. నాలుగింట్లోనూ గోమేధికమూ వైడూర్యమూ మాత్రమే. వాటిని ఇటువి అటు, అటువి ఇటు మార్చినా వరుసా చెడదు, గదీ చెడదు. అంటే పీఠానికి రెండు దారులు. పీఠమన్నాక దారి ఒకటే. కాబట్టి అక్కడ పుష్యరాగమే!”

ఓబుళమ్మ దూలం మీదికి ఒకసారి చూసింది.

“వేసింది ఎవరో చూసుకున్నావా?”

“ఎవరు వేస్తే ఏమిటి? ‘రెండు దారుల పీఠం వేసే చెయ్యి ఈ భూమ్మీద పుట్టలేదు’ అని గుడిసెలో బద్ద పుచ్చుకుని చెప్పింది నువ్వు కాదూ?”

చెప్పింది. పూసలవాళ్ళలో అలాంటి పీఠం వేసినవాడింట నీళ్ళు కూడా ముట్టరు. పసిపిల్లలు కూడా అలా వేయరు. తన మాటే తన ఎదురుగా తెచ్చి నిలబెట్టేసరికి “పెట్టు మరి” అంది.

పుష్యరాగం గుంటలో పడింది. నేల మ్రోగలేదు. గుంట ఒకసారి గుటకవేసి, రత్నాన్ని ఉమ్మింది. పసుపురాయి దొర్లుకుంటూ వచ్చి శరభాంకుడి బొటనవేలికి తగిలి ఆగింది.

వెనక కరకరమని చప్పుడు. అతను తిరిగి చూసేసరికి ఓబుళమ్మ రొమ్ముల దాకా రాయి.

“అత్తా!”

“అరవమాక. చెవులింకా నావే” అంది ఆమె, ఊపిరి పట్టిపట్టి. “నడుముకు దోపుకున్న ఆకువక్క సంచి కూడా రాయైపోయిందిరా. అదొక్కటే నాకు బాధ. నీ దగ్గరేమన్నా ఉంటే నోట్లో పెట్టు.”

అతను సంచిలోంచి ఆకువక్క తీసి చిలక చుట్టి ఆమె నోటికందించాడు. ఆమె నములుతూ పీఠాన్ని చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. ఆమెకు ఏదో తట్టింది. ఆ తట్టినదాన్ని ఆకుతో పాటే నమిలి లోపల దాచేసుకుంది. ఇదంతా ఆ తర్వాత అర్థమైంది శరభాంకుడికి. అప్పుడు మాత్రం ఆమె నొప్పికి కళ్ళు మూసుకుందనుకున్నాడు.

“కానీ” అంది. “ఆ నాలుగూ వదిలి మిగతావి నింపు. చప్పుడు చేయకుండా నింపు. ఏడిస్తే మాత్రం పూసలు సరిగా కనబడవు.”

అతను ఏడవలేదు. ఒక్కొక్క పూసకూ కారణం చెప్పి, చెప్పినదాన్ని మళ్ళీ తనే వెనక్కి విప్పి చూసుకుని, అప్పుడు తీశాడు. పొద్దున లేని ఓపిక ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. ఇంత ఓపిక తనలో ఉందని తెలిశాక అసలు బాధ మొదలైంది. లేనివాడు చేసిన తప్పు వేరు. ఉంచుకుని వాడనివాడి తప్పు వేరు.

చివరికి ఆ నాలుగు గుంటలూ మిగిలాయి. నాలుగింట్లోనూ తేనెరంగు పూస, చారలపూస.

ఉలూకదత్తుడు దూలం మీద లేచి నిలబడ్డాడు. “ఇప్పుడు వేయుము! రెండు విధములు గలవు. నా మనసులో ఒక్కటే గలదు. తప్పినచో ముసలిదాని తలకాయ కూడ రాయి! ఇది చూచుటకే గదరా నేను ఇంతసేపు కాళ్ళు తిమ్మిరెక్కినను కూర్చుంటిని!”

శరభాంకుడు చేతిలో గోమేధికంతో దూలం వైపు తల ఎత్తాడు. “నన్ను నిలబెట్టు. నేను బుడ్డన్నను కాను, శీతలాపురి యువరాజును. ఆమెను విడిచిపెట్టి నన్ను రాయి చెయ్యి.”

“రాజకుమారుడవని నీవు మొదటి పూస పట్టినపుడే ఎరుగుదును. పూసలవాడు పూసను రెండు వేళ్ళతో పట్టును, నీవు బాకువలె పిడికిట పట్టితివి. పలక మారుట లేదు. వేయుము!”

“అల్లుడా” అంది ఓబుళమ్మ. గొంతు తగ్గిపోయింది. “పుష్యరాగాన్ని గుంట ఎందుకు ఉమ్మేసింది?”

“నేను తప్పు పెట్టాను కాబట్టి.”

“నీ పట్టు తప్పు కాదు. అక్కడ పుష్యరాగం కాదంటే ఏమైనట్టు? నువ్వే చెప్పినావు గదా.”

“దారులు రెండైనట్టు.”

“అప్పుడే తట్టింది నాకు. మిగతా గుంటలు నిండకముందే నోరు విప్పితే వీడు పీఠం చెరిపేసి పారిపోతాడని ఊరుకున్నా. ఇప్పుడు రత్నం కింద పెట్టు. పూసలతో చూపించు.”

శరభాంకుడు గోమేధికాన్ని పక్కనున్న రత్నాల పళ్ళెంలో పెట్టేశాడు. గుంటల్లోని పూసలతోనే ఒక దారి చూపించాడు. పై వరుసలో ఈ చివర తేనెరంగు, ఆ చివర చారలు. కింది వరుసలో ఈ చివర చారలు, ఆ చివర తేనెరంగు. “వరుస సరి. నిలువు సరి. గది సరి” అని పైకి చదివాడు. తర్వాత నాలుగింటినీ తారుమారు చేశాడు. “వరుస సరి. నిలువు సరి. గది సరి.” లేచి నిలబడ్డాడు. మండపం చుట్టూ ఉన్న రాతిబొమ్మలన్నీ వింటున్నట్టు అనిపించింది.

“కారణం దొరకని గుంట. పీఠం వేసినవాడే పూచీ!”

మాట ముగిసిందో లేదో, నేలను ఊడ్చే గడ్డం కొస టక్కున రాయి అయింది. రాయి పైకి పాకడం మొదలెట్టింది. గడ్డం పొడుగు గనక ఉలూకదత్తుడు బతికాడు. లేకపోతే ఆ పూటతో కథ సరి. “కత్తి! కత్తి!” అని తనకు తానే అరుచుకుని, కత్తి దూసి, గడ్డం మొదలంటా నరుక్కుని, గుడ్లగూబగా మారి గాజుకన్ను పగలగొట్టుకుని ఎగిరిపోయాడు. అప్పటికే కాస్త రాయి చుబుకానికి ఎక్కింది. ఆ బరువుకు తలకిందులుగా ఎగురుతూ పోయాడు.

వేసినవాడే ఓడాడు గనక పీఠం కట్టు వీడి, నాలుగు గుంటలూ ఒక్కసారి పగిలాయి. చిత్రవేణి లేచింది. ఏనుగుతొండాలంత ధారలు నాలుగు, కప్పుదాకా ఎగసి, రత్నాలను శనగల్లా చిమ్మేశాయి. శరభాంకుడు ఆ నీళ్ళలో ఈదుతూ, మునుగుతూ ఓబుళమ్మ దగ్గరికి వెళ్ళి ఆమెను కావలించుకుని లాగాడు. రాయి కదలలేదు.

“పూచీ వాడిమీదికి మారింది గదా అత్తా! నువ్వెందుకు మామూలు కాలేదు?”

“మారింది ఇకమీదటికిరా. అయినది అయినట్టే” అంది ఆమె. “పో. నీ నది వచ్చింది. ముందుండి ఊరికి దారి చూపించు.”

“నది ఎవరికి కావాలి?” అన్నాడు శీతలాపురి యువరాజు. ఎండాకాలమంతా ఆ నది కోసమే బతికినవాడు.

పెద్ద చప్పుడుతో పూచీపలక నేల నుంచి ఊడింది. ఇటుపక్క తూర్పు గోడ విరిగి నది వెలుగులోకి, శీతలాపురి దిక్కుకు పారుతోంది. అటుపక్క నేల కుంగి ఒక సుడి తిరుగుతోంది. అందులో సగం నీరు కొండ కడుపులోకి దిగిపోతోంది. పలక సుడికేసి జారింది. దాని మీద ఓబుళమ్మ, పడవ నడిపే మనిషిలా నిటారుగా, కొప్పు విడిపోయి, బుగ్గన ఇంకా ఆకువక్క పెట్టుకుని వెళ్ళిపోతోంది.

శరభాంకుడు సుడి అంచుకు పరుగెత్తాడు.

“ఆగు!” ఆమె గొంతు నీటి హోరును చీల్చుకుని వచ్చింది. “కారణం చెప్పనిదే కదలకూడదు! చెప్పు!”

అతను ఆగాడు. పొద్దున్నలా ‘తర్వాత చెబుతా’ అనలేదు. తూర్పున వెలుతురు చూశాడు. కింద చీకటి చూశాడు. రెండింటినీ పూసల్లా అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు.

“వెలుతురు వైపు నువ్వు లేవు అత్తా. ఇక్కడ రెండో దారి లేదు.”

హోరులో ఆమె తిట్టిందో, ఊఁ అందో తెలియలేదు. తలగుడ్డ విప్పి నడుముకు బిగించి, ఇత్తడి పోగుల బుడ్డన్న చీకట్లోకి దూకాడు.